ఎండిన కాలువలో ఆడిన మర

పత్రికలో చేరిన కొత్తలో మాకు కొన్ని మాటలు తయారుగా దొరికేవి. రోడ్డు పాడైతే అది నరకప్రాయం. గోడ బీటలు తీస్తే అది శిథిలావస్థ. అధికారులు చోద్యం చూస్తూనో, మొద్దునిద్రలోనో ఉండాలి. ఆఖర్న 'ఇప్పటికైనా తగు చర్యలు తీసుకోవాలని ప్రజలు కోరుతున్నారు' అని పడితే వార్త పూర్తయినట్టు. కొత్తపేటకీ అమలాపురానికీ మధ్య ఊళ్ళలో విలేకరిగా తిరిగిన ఏళ్ళలో ఆ మాటలు ఎన్నిసార్లు వాడానో చెప్పలేను. అవి అబద్ధాలని ఎప్పుడూ అనిపించలేదు. గట్టిగా రాయకపోతే గోతిలో గంపెడు కంకర కూడా పడదని మా నమ్మకం.

ఆ అలవాటుతోనే మా ఊరి నీటి మరను నేను దాదాపు పడగొట్టించాను. అది పడలేదు. ఎందుకు పడలేదో అప్పట్లో నా పత్రిక వేసుకోలేదు కనక ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరి లాకు దగ్గర కాలువ నాలుగడుగులు కిందికి దిగుతుంది. పడవలు దిగడానికి లాకు కట్టినప్పుడే, పక్కనుంచి సన్నటి పాయ ఒకటి తవ్వి, నీళ్ళు దూకే చోట నిలువెత్తు కంటే పెద్ద చెక్క చక్రం పెట్టారు. దాని ఇరుసు గోడలోంచి లోపలికి వెళుతుంది. లోపల చెక్క పళ్ళ చక్రాలు, వాటి పైన రెండు రాళ్ళు. కింద రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. పాయకు అడ్డంగా ఉన్న పలక ఎత్తితే నీళ్ళు, నీళ్ళొస్తే మర. కరెంటు లేదు, ఇంజను లేదు. లాకు తలుపులు బిగించిన వడ్రంగి మిగిలిన రాళ్ళు అడిగి తీసుకుని దాన్ని కట్టాడని పెద్దవాళ్ళు చెప్పేవారు. దీనికి కాగితం ఏదీ లేదు. నాకు బుద్ధి తెలిసేసరికి మర నడుపుతున్నది ఆ వడ్రంగి ముని మనవడి భార్య. భర్త పోయాక రాళ్ళకు గంట్లు కొట్టుకోవడం, విరిగిన రెక్క మార్చుకోవడం అన్నీ ఆవిడే నేర్చుకుంది. ఊరందరికీ ఆవిడ మర పిన్ని.

బియ్యప్పిండి, నూక, మినప సున్ని, శనగపిండి, మేం చోళ్ళనే రాగులు, అన్నీ అక్కడే ఆడేవి. రాయి నెమ్మదిగా తిరుగుతుంది కనక పిండి వేడెక్కదు, నెల రోజులున్నా పురుగు పట్టదు. కువైట్ వెళ్ళే ఆడవాళ్ళ సూట్‌కేసుల్లో బట్టల కింద ఈ మర పిండి ఉండేది. బస్సెక్కే ముందు రోజు వాళ్ళు మర దగ్గరికి రావడం నేను చాలాసార్లు చూశాను.

ఆ మరకు ఒక గుణం ఉంది. రెండు రాళ్ళ మధ్య చారెడు పిండి ఎప్పుడూ మిగిలిపోతుంది. అది తరవాత వచ్చినవాళ్ళ బుట్టలోకి పోతుంది. అంటే మీ ముందు ఎవరు ఆడించుకున్నారో వాళ్ళ పిండి చారెడు మీకు, మీ పిండి చారెడు మీ వెనకవాళ్ళకు. దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. అందుకని పిన్ని అత్తగారి కాలం నుంచీ ఒకటే కట్టుబాటు. గోడ మీద ఎవరి బుట్ట ముందు పెడితే వాళ్ళది ముందు. దాన్ని బుట్ట వరస అనేవారు. బుట్ట పెట్టి పనికి పోయినా పరవాలేదు, వరస పోదు.

నేను కాలేజీలో ఉన్న రోజుల్లో మా ఇంటి బియ్యప్పిండి డబ్బాలో ఒకసారి ఎర్రటి చోడిపిండి చార కనిపించింది. మా ముందు ఆడించుకున్నది పేటలో ఉండే నాట్ల మేస్త్రి. ముఠా కట్టి ఊరందరి చేలల్లోనూ నాట్లు వేయించే మనిషి ఆవిడ. మా చేలల్లో నాట్లు కూడా ఆవిడ ముఠాయే వేసేది. ఆ చేతులతో వేసిన వరి మేము తినొచ్చు గానీ, ఆ ఇంటి పిండి మా పిండిలో కలవకూడదట. మా పెదనాన్న ఆ సాయంత్రమే మర దగ్గరికి వెళ్ళారు. నేను వెంట వెళ్ళాను.

"పొద్దున్నే మా బుట్టలు పట్టెయ్యి. పేటవాళ్ళవి మజ్జాన్నం మొదలెట్టు. గొడవుండదు," అన్నారాయన.

"ఇప్పుడు మాత్రం గొడవెక్కడుందండి? బుట్టలున్నాయి, వరసుంది."

"వాళ్ళ పిండి మా పిండిలో కలుస్తుందే."

"తవరి పిండీ వాళ్ళ పిండిలో కలుస్తుందండి. వాళ్ళెప్పుడూ చెప్పలేదు."

పెదనాన్న చక్రం వైపు తిరిగారు. "పోనీ మా వంతు వచ్చినప్పుడు రాయి కడుగు."

"కడిగితే రెండ్రోజులు ఆరాలండి. అంతసేపూ కాలవ ఆపుతారా?"

ఆయన వచ్చేశారు. మరో ముగ్గురు రైతులతో కలిసి సెంటర్లో కరెంటు మర పెట్టించారు. పిన్ని గోడ మీద బుట్టలు సగమయ్యాయి. ఆవిడ వరస మార్చలేదు. మా అమ్మ మాత్రం సున్నుండలు చేసినప్పుడల్లా కరెంటు మర పిండి మాడు వాసన వేస్తోందని గొణిగేది, పెదనాన్నకు వినపడకుండా.

తొంభై ఆరు తుఫానుకు కోనసీమలో కొబ్బరిచెట్లూ కరెంటు స్తంభాలూ కలిసి పడుకున్నాయి. మర మీది తాటాకు కప్పు ఎగిరిపోయి లాకు అవతల దొరికింది. పక్క గోడ కొంచెం ఒరిగింది. చక్రానికి ఏమీ కాలేదు. పిన్ని మూడోనాటికే పైన పరదా కట్టి పలక ఎత్తింది. వారాల తరబడి కరెంటు రాలేదు. సెంటర్లో మర ఇనప పెట్టెలా కూర్చుంది.

అప్పటికి నేను విలేకరిని. నష్టాల వివరాలు రాసుకుంటూ లాకు దగ్గరికి వెళ్ళేసరికి పెదనాన్న నెత్తి మీద బుట్ట పెట్టుకుని వస్తున్నారు. పాలేళ్ళందరూ ఎవరి ఇళ్ళు వాళ్ళు నిలబెట్టుకుంటున్నారు, ఆయనకు మోసేవాళ్ళు లేరు. గోడ మీద పది బుట్టలున్నాయి. పదోది నాట్ల మేస్త్రిది. ఆయన పదకొండోది పెట్టారు.

"తవరు నిలబడలేరండి, ముందెట్టుకోండి," అంది మేస్త్రి.

ఆయన పిన్ని వైపు చూశారు. పిన్ని రాయిలోకి గింజలు జారవిడుస్తూ తల ఎత్తకుండా, "వరసమ్మా," అంది.

పెదనాన్న నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ రోజు మా ఇంటికి వచ్చిన పిండిలో ఏ రంగు చార ఉందో ఎవరూ చూడలేదు. కరెంటు వచ్చాక కూడా మా బుట్ట లాకు దగ్గరికే వెళ్ళింది. దాని గురించి ఇంట్లో ఒక్క మాట లేదు.

ఒరిగిన గోడ అలాగే ఉండిపోయింది. గట్టు కాలువల ఆఫీసుది. అక్కడ రాయి కదపాలంటే వాళ్ళే కదపాలి. రెండు వేల సంవత్సరం దాటిన ఆరేడేళ్ళకు గోడ అడుగున రాళ్ళు జారడం మొదలైంది. "ఓ రెండు ముక్కలు రాయండి బాబూ, ఆ గోడ సంగతి," అని పిన్ని అడిగింది.

నేను రెండు ముక్కలతో ఆగలేదు. శిథిలావస్థలో నీటి మర అన్నాను. ఎప్పుడు కూలుతుందో తెలియదన్నాను. ప్రాణాలు అరచేత పట్టుకుని జనం పిండి ఆడించుకుంటున్నారన్నాను. నిజానికి వాళ్ళ చేతుల్లో బుట్టలు తప్ప ఏమీ లేవు. ఒరిగిన గోడ మరీ ఒరిగినట్టు కనపడేలా వంగి ఫొటో తీశాను. జిల్లా పేజీలో పైన వేశారు. నాకు సంతోషమే అయింది.

నెల తిరగకుండా నోటీసు వచ్చింది. కాలువ ఆధునికీకరణలో గట్లకు కాంక్రీటు గోడలు కడుతున్నారనీ, ప్రమాదకరంగా ఉన్న సదరు నిర్మాణాన్ని వేసవిలో కాలువ కట్టేసినప్పుడు తొలగిస్తారనీ, పాయ పూడుస్తారనీ అందులో ఉంది. ఆధారంగా నా వార్త జిరాక్సు జతచేశారు.

పిన్ని ఆ రెండు కాగితాలూ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఇది తవరు రాసిందేనా బాబూ?"

"నేనే రాశానండి."

"ఎప్పుడైనా కూలొచ్చన్నారంట. ఏ రోజో చెబితే ఆ రోజు బుట్టలు పెట్టొద్దంటాను."

నేను ఆ జిరాక్సు అందుకున్నాను.

"ప్రాణాలు అరచేత పట్టుకున్నోళ్ళెవరండి? మేస్త్రా, మీ పెదనాన్న గారా?"

"అది... మేం అలా రాస్తాం పిన్నిగారూ. అలా రాస్తే గానీ పై వాళ్ళు కదలరని."

"కదిలేరు గదండి," అంది ఆవిడ. "నేను గోడ గురించి చెప్పేను. తవరు మరని చంపేసేరు."

ఆ మధ్యాహ్నమే డెస్కుకు ఫోను చేసి సవరణ వేయమన్నాను. అవతలి ఆయన మర్యాదగానే చెప్పాడు. "మన వార్తని మనమే కాదంటే రేపు ఎవరు నమ్ముతారండీ? ఏదైనా కొత్త వార్త ఉంటే పంపండి."

తరవాత కాలువల ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి అసిస్టెంటు ఇంజనీరు, అంటే ఏఈ, కుర్రవాడు. చెడ్డవాడు కాదు. ఫైలు తెరిచి చూపించాడు. మొదటి కాగితం నా వార్తే.

"మొన్నటిదాకా దాని సంగతి ఏం చెయ్యాలో మాకూ తెలీదండి. మీరు రాసేక తేలిపోయింది."

"అది రోజూ ఆడుతోందండీ."

"వాడుకలో ఉన్నదైతే వేరు. విచారణ జరపాలి, పైకి రాయాలి, ఇంత తేలిగ్గా తియ్యలేం. కానీ నేను చూసి రాయాలి గదా. కొలతలకి మేలో వస్తాను. ఆడుతుంటే ఆడుతుందనే రాస్తాను."

మేలో కాలువ కట్టేసి ఉంటుంది. నీళ్ళుండవు. ఆ మాట ఆయనకు నేను గుర్తు చేస్తే, "కొలతలు నీళ్ళల్లో తియ్యలేం గదండి," అన్నాడు. అందులోనూ తప్పు లేదు.

ఈ సంగతి చెప్పినప్పుడు పిన్ని చక్రం మీద గోనెసంచులు కప్పుతోంది. కాలువ కట్టేసిన రోజుల్లో చెక్క ఎండి బిగువు వదలకుండా, ఏటా రోజుకు రెండుసార్లు ఆ గోనెలను తడుపుతుంది.

"ఒట్టిపోయిన గేదె దగ్గరికొచ్చి పాలివ్వట్లేదని రాసుకెళతారన్నమాట," అంది.

"ఏం చేద్దామండీ?"

"ఊళ్ళో ఏతాం తొక్కినోళ్ళు ఇంకా ఉన్నారు గదా. మేస్త్రితో ఓ మాట చెప్పి రండి."

ఏతాం అంటే చేలకు నీళ్ళు తోడడానికి దూలం మీద అటూ ఇటూ నడుస్తూ తొక్కేది. మోటార్లు వచ్చాక పోయింది. దూలం తొక్కినట్టే చక్రం రెక్కలూ తొక్కొచ్చని ఆవిడ ఆలోచన. పది రోజులు తడి మామూలు కంటే రెట్టింపు పట్టించింది. నీళ్ళు మోసింది మేస్త్రి ముఠా. చేత్తో పట్టుకోవడానికి చక్రానికి ఎదురుగా రెండు వెదుళ్ళు కట్టించింది. బరువు తగ్గడానికి పై రాయిని మేకుతో కాస్త ఎత్తింది.

ఒక భయం మాత్రం అందరికీ ఉంది. నీళ్ళ బరువు చక్రమంతా పంచుకుంటుంది. మనిషి బరువు ఒక్క రెక్క మీద పడుతుంది. ఏఈ కళ్ళ ముందు రెక్క విరిగిందా, నేను రాసిందే నిజమైపోతుంది.

ఆ రోజు ఎనిమిదింటికే గోడ మీద బుట్టలు తొమ్మిది. మొదటిది మేస్త్రిది, రెండోది పెదనాన్నది. ఏఈ ఇద్దరు మనుషులతో, టేపుతో వచ్చాడు. ఎండిన కాలువలో దిగి గోడ కొలిచాడు, రాసుకున్నాడు. పైకొచ్చి బుట్టలు చూశాడు.

"ఇవేంటండి? నీళ్ళు లేవు గదా."

"వరసండి," అన్నారు పెదనాన్న, అదొక్కటే సమాధానమన్నట్టు.

పిన్ని చక్రం మీది గోనెలు తీసి నా వైపు తిరిగింది. "రండి బాబూ. ఎప్పుడైనా కూలుద్దని రాసింది తవరే గదా. ముందు తవరెక్కండి."

ఎవరూ నవ్వలేదు. నేను చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, పాయలోకి దిగాను. వెదురు పట్టుకుని రెక్క మీద కాలు పెట్టాను. రెండో కాలు కూడా పెట్టాను. చక్రం లోపలెక్కడో కిర్రుమంది. జానెడు దిగి ఆగిపోయింది. రెక్క విరగలేదు. కానీ తిరగనూ లేదు. నేను గాలిలో వేలాడుతున్నట్టు నిలబడ్డాను. ఒడ్డున ఏఈ కలం పట్టుకుని చూస్తున్నాడు.

"పేపరు గారు మరీ తేలికండి," అంది మేస్త్రి పైనుంచి. "ఆరి రాతలకే బరువు, మనిషికి లేదు."

ఇప్పుడు నవ్వారు. ఆవిడ చీర ఎగదోపి దిగింది. వెనక ముఠాలో ఇద్దరు దిగారు. నలుగురం ఒక వరసలో వెదురు పట్టుకున్నాం. "నాట్లప్పుడు అడుగేసినట్టే. కుడి, ఎడమ," అంది మేస్త్రి. చక్రం మళ్ళీ కిర్రుమంది, ఈసారి ఆగలేదు. కాళ్ళ కింద నుంచి రెక్క దిగిపోతుంటే పై రెక్క ఎక్కాలి. ఆలస్యమైతే మోకాలికి తగులుతుంది. నాకు రెండుసార్లు తగిలింది. లోపల పళ్ళు కలుసుకున్న చప్పుడైంది. తరవాత రాయి చప్పుడు.

పావుగంటకు ముఠాలో ఒకామె కాలు పట్టేసి దిగిపోయింది. చక్రం వేగం తగ్గింది. మేం ముగ్గురం ఎంత తొక్కినా అది మొరాయిస్తోంది. అప్పుడు పెదనాన్న కండువా గోడ మీద పెట్టి, తన బుట్ట పక్కన కర్ర ఆనించి, మెట్లు దిగడం మొదలుపెట్టారు. ఆయనకు డెబ్బై దాటాయి.

"తవరొద్దండి అయ్యా."

"నేను తొక్కిన ఏతాలు నువ్వు చూళ్ళేదు," అన్నారాయన. ఖాళీ అయిన చోటు మేస్త్రికీ నాకూ మధ్య. ఎక్కేటప్పుడు తూలితే ఆవిడ మోచెయ్యి పట్టుకుని నిలబెట్టింది. ఆయన ఆ చెయ్యి వదిలించుకోలేదు. పట్టు దొరికాక వెదురు అందుకున్నారు. వయసుకు తగ్గ బరువు కాదు ఆయనది. చక్రం కదిలింది.

లోపల మేస్త్రి బియ్యం అయిపోయాయి. ఆగకుండా పెదనాన్న బుట్ట పోసింది పిన్ని. ఏఈ లోపలికి వెళ్ళి, రాళ్ళ అంచున జారుతున్నది అరచేతిలో పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఇది నూకలా ఉందేంటండి?"

"మనుషులు తొక్కితే నూకే వస్తాదండి," అంది పిన్ని. "పిండి కావాలంటే నీళ్ళొదలండి."

ఆయన చేతిలో నూక వేళ్ళతో నలిపి చూశాడు. మేం దిగాము. జేబులో చెమటకు తడిసిన కాగితం ఒకటి ఉంది, అది ఇచ్చాను. గోడ రాళ్ళు జారుతున్న మాట నిజం, మర కూలే స్థితిలో ఉందన్నది నేను చూసి రాసింది కాదు, అలవాటుగా రాసింది, అని అందులో రాసి సంతకం పెట్టాను.

"ఇది ఫైల్లో పెడితే మీకు ఇబ్బంది గదండి?"

"అవుతుందండి. పెట్టండి."

ఏఈ గోడ మీదే ఫైలు పెట్టి, బుట్టల పక్కన నిలబడి రాశాడు. పిన్ని చదివి వినిపించమంది. 'వాడుకలో ఉన్నది. చక్రము, రాళ్ళు తిరుగుచుండగా చూడడమైనది. పక్క గోడకు మరమ్మతు అవసరము.'

"ఆ ఆఖరి ముక్కే గదండి నేను మొదటినుంచీ చెప్పేది," అంది ఆవిడ.

"ఆయ్," అన్నాడాయన.

ఆ రోజు జరిగింది రాసి డెస్కుకు పంపాను. వేయలేదు. నేను సంతకం పెట్టిన కాగితం సంగతి ఎవరో చేరవేశారు, దాంతో పిలిచి చివాట్లు పెట్టారు. పత్రిక పరువు తీశానన్నారు. కొన్నాళ్ళు నా వార్తలు పడలేదు. నేను క్షమాపణ చెప్పలేదు. శిథిలావస్థ అన్న మాట మళ్ళీ రాయలేదు. గోడ బీట ఎన్ని వేళ్ళుందో కొలిచి రాశాను.

కాంక్రీటు గోడ ఆ వేసవిలో ఎగువనుంచి వచ్చి మర దగ్గర ఆగింది. పాయ వదిలేసి దిగువన మళ్ళీ మొదలైంది. మధ్యలో మిగిలిన సిమెంటుతో పక్క గోడ పునాది కూడా కట్టి వెళ్ళారు.

జూన్‌లో కాలువ వదిలిన మర్నాడు మినుములు పట్టుకుని లాకు దగ్గరికి వెళ్ళాను. పలక ఎత్తేశారు. చక్రం దాని పాటికి అది తిరుగుతోంది. నలుగురం చెమటోడ్చి తిప్పింది ఇదేనా అన్నట్టుంది. గోడ మీద ఆరు బుట్టలున్నాయి. పిన్ని నన్ను చూసి, గోడ చివర వైపు చూసింది. ఏడోది పెట్టాను. నా ముందున్నది మేస్త్రి బుట్ట. షుగరొచ్చిందని డాక్టరు చోడంబలి తాగమన్నాడట, బుట్ట నిండా చోళ్ళు.

ఇంటికొచ్చి మూత తీస్తే తెల్లటి మినప్పిండి మీద ఎర్రటి చార ఉంది. చెయ్యి పెట్టి కలిపేశాను.